ఆకాశము వంక చూచు పిల్లలు

వినోదము పాపమా? ఈ ప్రశ్న మా యుపాధ్యాయుల గదిలో తరచుగా లేచుచుండును. విమాన విన్యాసములు చూడబోవుట, చెవులు గింగురుమను రాక్ సంగీత సభలకు పోవుట, చేతి ఫోనులో సాహసపు వీడియో ఆటలాడుట, ఈ మూడును చదువునకు శత్రువులని పలువురు తలిదండ్రుల యభిప్రాయము. మేమును చిరకాలము అట్లే తలచితిమి. ఇప్పుడట్లు తలపము. ఈ మార్పునకు కారణమైన సంగతిని దాచక చెప్పెదము.

అద్దంకి చెంత 16వ నంబరు జాతీయ రహదారిలో కొరిశపాడు ప్రాంతమున 4.1 కిలోమీటర్ల పొడవును, 33 మీటర్ల వెడల్పును గల కాంక్రీటు బాట యొకటి కలదు. అంతవరకు ప్రకాశము జిల్లాలో నుండిన యా చోటు 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలో చేర్చబడెను. అవసర సమయమున వాయుసేన విమానములు రహదారిపైననే దిగుటకు వీలుగా దానిని నిర్మించిరి. 2022 డిసెంబరు 29న వాయుసేన దానిని మొదట పరీక్షించెను. ప్రత్తి తీయు కూలీలు, మిరపతోట కాపులు, పిల్లలు, వృద్ధులు అందరును తలలెత్తి చూచిరి.

ఆనాడు మా తొమ్మిదవ తరగతి బాలుడొకడు అమ్మమ్మ యింటికి పోవుచున్నానని తల్లితో చెప్పి, బస్సెక్కి అచటికి పోయెను. సెలవుల పిమ్మట ఈ సంగతి మాకు తెలిసినది. అబద్ధమాడినందుకు వానిని బల్లపై నిలువబెట్టితిమి. వాని తండ్రికిని తెలియజేసితిమి. తండ్రి కొట్టెను. మా కర్తవ్యము నెరవేర్చితిమని ఆ రాత్రి నెమ్మదిగా నిద్రించితిమి.

కొన్ని దినములకు వాని లెక్కల నోటుబుక్కు దిద్దుచుండగా చివరి పుటలో విమానపు బొమ్మయు, దాని క్రింద ఈ ప్రశ్నయు కనబడెను: “విమానము ముందు పోవుచుండగా మ్రోత వెనుక నుండి వచ్చుచున్నదేల?” ధ్వని సెకనుకు ఇంచుమించు 340 మీటర్లు మాత్రమే పోవును. కిలోమీటరు దూరమున నున్న విమానపు మ్రోత మనలను జేరుటకు దాదాపు మూడు సెకనులు పట్టును. అంతలో విమానము చాల దూరము సాగిపోవును. కావున చెవి చూపిన చోట కంటికి విమానము కానరాదు. ఈ పాఠమును మేము ఏటేట నల్లబల్లపై వ్రాయుచునే యున్నాము. ఇట్టి ప్రశ్నను ఒక్క విద్యార్థియు మమ్మడిగి యెరుగడు. ఈ బాలుడు పొలము గట్టున నిలిచి దానిని తనంతట కనుగొనెను. దానికి మేమిచ్చిన బహుమానము దెబ్బలు!

వాడాడినది అబద్ధమే. కాని నిజము చెప్పినచో పోనిత్తుమా? పోనీయమని వాడెరుగును. తగిన యానందమును సయితము మూసివేసిన పెద్దలు, పిల్లలకు దొడ్డిదారి తామే చూపినవారగుదురు. మరునాడు వానిని పిలిచి మా తప్పు నొప్పుకొంటిమి. ఇక ముందు చెప్పి పొమ్మంటిమి.

2024 మార్చి 18న వాయుసేన అచటికి మరల వచ్చెను. పదవ తరగతి పరీక్షలు మొదలైనదియు ఆ దినముననే. ఆ బాలుడు సాకులేమియు చెప్పక పరీక్ష వ్రాసి, సాయంకాలము మా యొద్దకు వచ్చి, “మాస్టారూ, ఈసారి దిగినవా?” అని యడిగెను. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానములు దిగి మరల లేచినవనియు, సుఖోయ్, హాక్ యుద్ధవిమానములు బాట చెంతకు వచ్చి దిగకయే పైకెగసినవనియు చెప్పితిమి. నమ్మబడిన బాలుడు వేచియుండ నేర్చును. ఇది వాడు మాకు నేర్పిన పాఠము.

ఇక వీడియో ఆటల మాట. పూనేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారు 2020లో వెలువరించిన ‘రాజీ’ యను సాహసపు ఆటలో ఒక బాలిక తన తమ్ముని వెదకుచు రాక్షసులతో పోరాడును. అట్టి దానిలో కథ కలదు, చిత్రలేఖనము కలదు, ఓడినను మరల యత్నించు నోర్పు కలదు. అర్ధరాత్రి వరకు ఆడుట తప్పు. ఆటయే తప్పు గాదు. డబ్బొడ్డి ఆడు ఆటలు వేరు. వానిని పార్లమెంటు 2025లో చట్టముచే నిషేధించినది, అది న్యాయమే. కాని పిల్లలొకటి మరువరాదు. ఆటలో చచ్చినవాడు మీట నొక్కగనే లేచును. ఆకాశమున నట్లు గాదు. 2019 ఫిబ్రవరి 19న బెంగుళూరు చెంత యెలహంకలో అభ్యాసము చేయుచుండగా సూర్యకిరణ్ దళపు విమానములు రెండు ఢీకొని, వైమానికుడొకడు ప్రాణము గోల్పోయెను. మనము చప్పట్లు కొట్టు ప్రతి విన్యాసము వెనుకను అట్టి ప్రాణమొకటి యున్నది.

సంగీతమును గూర్చి మేము కఠినులము గాము. శివరాత్రికి కోటప్పకొండ ప్రభల ముందు మ్రోగు మైకులు వినుచు పెరిగిన సీమ మనది. మన యారాధనలలో గిటారు, డ్రమ్ములు ప్రవేశించినప్పుడును కొందరు పెద్దలు ముఖము చిట్లించిరి. నేడవి లేని క్రిస్మసు ఏది? పదిమంది యొక తాళమునకు లోబడి, ఒకరి వాద్యము నొకరు వినుచు వాయించుట చక్కని క్రమశిక్షణ. కాని చెవులు రెండే. సంగీత సభలలో సగటు ధ్వని 100 డెసిబెల్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణము నిర్ణయించినది. మైకుపెట్టెకు ఎడముగా నిలువుడు.

పెద్దల భయము వట్టిది గాదు. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరమున వాయుసేన ప్రదర్శనకు లక్షలాది జనులు చేరగా, ఆ ఎండలో, ఆ జనసమ్మర్దములో ఐదుగురు మరణించిరి. అయితే ఈ భయమునకు మందు నిషేధము గాదు, తోడు. తలిదండ్రులారా, పిల్లలను ఒంటరిగా పంపకుడు. నీటిసీసా, గొడుగు చేతబట్టి మీరును పొండు. విద్యార్థులారా, చెప్పి పొండు, వేళకు రండు, వచ్చునప్పుడు ఒక ప్రశ్నను వెంట దెండు. మేము కోరునది యింతే.

కొరిశపాడు బాటపైకి విమానములు మరల వచ్చి, ఆనాడు పరీక్షలు లేనిచో, సెలవు చీటీ వ్రాయువారిలో మొదటివారము మేమే.