మైదానంలో పిల్లల భద్రత: చట్టం ఉంది, బాధ్యులెవరు?

వేసవి సెలవులు మొదలుకాగానే పట్టణాల్లోని మునిసిపల్ మైదానాలు, పాఠశాలల ఆవరణలు, ఈతకొలనులు శిక్షణ శిబిరాలతో నిండిపోతాయి. బిడ్డను చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు రుసుము ఎంతో అడుగుతారు. కోచ్ ఏ స్థాయిలో ఆడారో, ఎందరిని జిల్లా, రాష్ట్ర జట్లకు పంపారో ఆరా తీస్తారు. ఆయన గత చరిత్రను ఎవరైనా పరిశీలించారా, బిడ్డకు అక్కడ ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పుకోవాలి అన్న ప్రశ్నలు మాత్రం అరుదుగా వినిపిస్తాయి. అడిగినా సమాధానం చెప్పగలిగే క్లబ్బులు తక్కువే.

ఇది చట్టాలు లేక తలెత్తిన పరిస్థితి కాదు. క్రీడా అకాడమీలను పేర్కొంటూ రూపొందించిన నిబంధనలు 2020 నుంచే అమల్లో ఉన్నాయి. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం సురక్షిత క్రీడా విధానాన్ని జాతీయ సమాఖ్యల బాధ్యతల్లో చేర్చింది. అయితే ఈ ఏర్పాట్లన్నీ పైనుంచి కిందికి దిగిరావలసినవి. పిల్లలు ఆటలోకి అడుగుపెట్టేది మాత్రం చిన్న క్లబ్బుల ద్వారానే. కోచ్ ప్రభావానికి లోబడని ఒక బాధ్యుడు, పేరు తెలిసిన ఒక వ్యక్తి అక్కడ పిల్లలకు అందుబాటులో లేనంతకాలం ఎంత కఠినమైన చట్టమైనా ఘోరం జరిగిపోయాక కేసు పెట్టడానికే పనికొస్తుంది.

ఒకే చేతిలో అన్ని అధికారాలు

బడిలో ఉపాధ్యాయుడికీ, మైదానంలో కోచ్‌కూ మధ్య మౌలికమైన తేడా ఉంది. పాఠశాలలో తరగతి గది, ప్రధానోపాధ్యాయుడు, తల్లిదండ్రుల సమావేశాలు ఉంటాయి. పరీక్షలు నిర్వహించేది మరొక యంత్రాంగం. చిన్న క్లబ్బులో శిక్షణ ఇచ్చేది, జట్టును ఎంపిక చేసేది, పోటీలకు తీసుకెళ్లేది, బసను నిర్ణయించేది చాలాసార్లు ఒక్కరే. సాధన తెల్లవారకముందే మొదలై చీకటి పడ్డాక ముగుస్తుంది. శరీరాన్ని తాకి భంగిమను సరిదిద్దడం, గాయానికి మర్దన చేయడం, బరువు చూడటం శిక్షణలో భాగమే. ఏది శిక్షణో, ఏది హద్దు దాటడమో పదేళ్ల పిల్లలు తమంతట తాము తేల్చుకోలేరు. తేల్చుకున్నా, నోరు విప్పితే జట్టులో చోటు పోతుందన్న భయం వెన్నాడుతుంది.

అధికారం ఇలా ఒకేచోట పోగుపడితే ఏమవుతుందో మన దేశం 1990లోనే చూసింది. హరియాణాలో 14 ఏళ్ల టెన్నిస్ క్రీడాకారిణిని వేధించిన వ్యక్తి రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం అధ్యక్షుడు మాత్రమే కాదు, పోలీసు శాఖలో ఐజీ కూడా. ఫిర్యాదు చేసిన తర్వాత ఆ బాలికను పాఠశాల నుంచి తొలగించారు. 1993లో ఆమె ఆత్మహత్య చేసుకుంది. ఎఫ్ఐఆర్ నమోదు కావడానికి 1999 డిసెంబరు వరకు పట్టింది. 2009లో దిగువ కోర్టు విధించిన ఆరు నెలల శిక్షను మరుసటి ఏడాది 18 నెలలకు పెంచారు. 2016లో సుప్రీంకోర్టు దోషిత్వాన్ని సమర్థిస్తూనే శిక్షను అప్పటికే అనుభవించిన కాలానికి పరిమితం చేసింది.

పొరుగున అఫ్గానిస్థాన్‌లోనూ ఇదే పోకడ. మహిళా క్రీడాకారులను లైంగికంగా వేధించినట్లు నిర్ధారించిన అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య, ఆ దేశ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు కెరాముద్దీన్ కరీంపై 2019లో జీవితకాల నిషేధం విధించింది. క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2020లో దాన్ని సమర్థించింది. రెండు ఉదంతాల్లోనూ ఫిర్యాదును విని చర్య తీసుకోవలసిన సంస్థకు అధిపతి నిందితుడే.

చట్టం చెప్పేది, మైదానంలో కనిపించేది

2012 నాటి పోక్సో చట్టం బాలబాలికలిద్దరికీ సమానంగా వర్తిస్తుంది. నమ్మకం లేదా అధికారం గల స్థానంలో ఉండి పిల్లలపై అత్యాచారానికి పాల్పడితే దాన్ని తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది. నేరం జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తప్పనిసరిగా సమాచారం ఇవ్వాలి. సంస్థ బాధ్యుడు తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ‘క్లబ్బు పరువు’ పేరిట కోచ్‌ను గుట్టుచప్పుడు కాకుండా సాగనంపడం కూడా నేరమేనన్నమాట.

2020 మార్చిలో వచ్చిన పోక్సో నిబంధనలు మరో అడుగు ముందుకు వేశాయి. పాఠశాలలు, శిశు సంరక్షణాలయాలతోపాటు క్రీడా అకాడమీలను కూడా పేర్కొంటూ, పిల్లలతో మెలిగే ప్రతి ఉద్యోగి పూర్వాపరాలను నిర్ణీత కాలవ్యవధుల్లో పోలీసుల ద్వారా పరిశీలింపజేయాలని ఆదేశించాయి. ఒప్పంద సిబ్బందికీ మినహాయింపు లేదు. రాష్ట్ర ప్రభుత్వాలు శిశు రక్షణ విధానాన్ని రూపొందించాలని, పిల్లలతో పనిచేసే సంస్థలన్నీ దాన్ని పాటించాలని కూడా నిర్దేశించాయి.

అమలు దగ్గరే చిక్కు. పాఠశాల నియమాలు ఉల్లంఘిస్తే ప్రభుత్వ గుర్తింపు పోతుందన్న భయం ఉంటుంది. క్రికెట్ నెట్లు కట్టి, బోర్డు తగిలించి అకాడమీ ప్రారంభించేవారికి చాలాచోట్ల అలాంటి గుర్తింపు అవసరమే లేదు. ఎన్ని అకాడమీలున్నాయో నమోదు చేసే యంత్రాంగం లేనప్పుడు తనిఖీ చేసేదెవరు? విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధిస్తుంది. అదే పిల్లవాడు సాయంత్రం మైదానానికి వెళ్తే ఆ సెక్షన్ అతడి వెంట రాదు. కొట్టి నేర్పితేనే ఆట వస్తుందన్న నమ్మకం ఇంకా సమసిపోలేదు.

పోలీసు పరిశీలనకూ పరిమితులున్నాయి. రికార్డుకెక్కిన కేసు మాత్రమే అందులో తేలుతుంది. ఒక ఊళ్లో మందలించి పంపేసిన వ్యక్తి మరో ఊళ్లో స్వచ్ఛమైన రికార్డుతోనే కోచ్‌గా చేరగలడు. 2018లో కేంద్రం ప్రారంభించిన లైంగిక నేరస్తుల జాతీయ సమాచార నిధి దర్యాప్తు సంస్థలకు మాత్రమే అందుబాటులో ఉంటుంది. క్లబ్బు నేరుగా చూసుకునే వీలు లేదు.

పైస్థాయిలో కదలిక

భారత క్రీడా ప్రాధికార సంస్థలో పదేళ్ల కాలంలో 45 లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చాయని, వాటిలో 29 కోచ్‌లపైనేనని 2020లో పత్రికల్లో వెలువడింది. ఇవి ప్రభుత్వ సంస్థలో లిఖితపూర్వకంగా నమోదైనవి మాత్రమే. 2022 జూన్‌లో విదేశీ శిక్షణకు వెళ్లిన సైక్లింగ్ క్రీడాకారిణి తన కోచ్‌పై ఫిర్యాదు చేయగా, ప్రాధికార సంస్థ ఆయన ఒప్పందాన్ని రద్దు చేసింది. మహిళా క్రీడాకారులున్న బృందాలతో మహిళా కోచ్ కూడా వెళ్లాలని ఆ తర్వాత ఆదేశించింది.

2023 జనవరిలో రెజ్లర్లు ఢిల్లీలోని జంతర్‌మంతర్ వద్ద ధర్నాకు దిగారు. సమాఖ్య అప్పటి అధ్యక్షుడు బ్రిజ్‌భూషణ్ శరణ్ సింగ్‌పై వచ్చిన ఆరోపణలను ఆయన ఖండించారు. మైనర్ ఫిర్యాదుకు సంబంధించిన పోక్సో కేసు మూసివేతకు పోలీసులు ఇచ్చిన నివేదికను ఢిల్లీ కోర్టు 2025 మేలో అంగీకరించింది. ఇతర క్రీడాకారిణుల ఫిర్యాదులపై అభియోగాలు నమోదై, కేసు విడిగా విచారణకు వెళ్లింది. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే, ఒలింపిక్ పతక విజేతలు అండగా నిలిచినా ఎఫ్ఐఆర్ నమోదుకు సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చింది. జిల్లా స్థాయి క్లబ్బులో ఆడే బాలికకు ఆ దారి ఎంత దూరమో ఊహించడం కష్టం కాదు.

పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో తెచ్చిన చట్టం క్రీడా సంస్థలు, స్టేడియాలు, పోటీ వేదికలను కూడా పని ప్రదేశాలుగానే నిర్వచించింది. అయినా చాలా జాతీయ సమాఖ్యల్లో అంతర్గత కమిటీలే లేవన్న వార్తలపై జాతీయ మానవ హక్కుల సంఘం 2023 మేలో స్వయంగా స్పందించి నోటీసులిచ్చింది. జాతీయ సమాఖ్యల పరిస్థితే అలా ఉంటే జిల్లా సంఘాల సంగతి చెప్పనక్కర్లేదు.

2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన జాతీయ క్రీడా పాలన చట్టం ఈ లోపాన్ని సరిదిద్దే దిశగా ముఖ్యమైన ముందడుగు. జాతీయ క్రీడా మండలి, క్రీడా ట్రైబ్యునల్ ఏర్పాటుకు అది వీలు కల్పించింది. సమాఖ్యల కార్యవర్గాల్లో కనీసం నలుగురు మహిళలు ఉండాలని నిర్దేశించింది. కానీ క్రీడలు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితా అంశం. ఏ సంఘానికీ అనుబంధం లేని ప్రైవేటు అకాడమీ, అపార్ట్‌మెంట్ ఈతకొలను, ఊరి కబడ్డీ జట్టు సమాఖ్యల గొలుసుకు బయటే ఉంటాయి. ఆ ఖాళీని పూరించగలిగేది రాష్ట్రాలే.

ఎవరికి చెప్పుకోవాలి?

2025 జనవరిలో కేరళలోని పత్తనంతిట్ట జిల్లాలో 18 ఏళ్ల క్రీడాకారిణి, తనకు 13 ఏళ్ల వయసు నుంచి ఎదురైన అత్యాచారాలను బయటపెట్టింది. 50 మందికి పైగా అరెస్టయ్యారు. నిందితుల్లో శిక్షకులు, సహవిద్యార్థులు కూడా ఉన్నట్లు వెల్లడైంది. ఆమె నోరు విప్పింది మైదానంలో కాదు, కౌన్సెలింగ్‌లో. శిశు సంక్షేమ కమిటీ ద్వారా విషయం పోలీసులకు చేరింది. ఇన్నేళ్లలో ఆమె శిక్షణ పొందిన చోట, ఆడిన చోట నమ్మి చెప్పుకోదగిన ఒక్క మనిషి కూడా ఆమెకు దొరకలేదు.

చట్టం చూడలేకపోతున్న మరో వర్గం, ఇతరులపై ఆధారపడి జీవించే వయోజనులు. మేధో వైకల్యం ఉన్న క్రీడాకారులు దుస్తులు మార్చుకోవడం నుంచి ప్రయాణాల దాకా శిక్షకులపైనో, సహాయకులపైనో ఆధారపడతారు. పోక్సో రక్షణకు శారీరక వయసే ప్రాతిపదిక తప్ప మానసిక వయసు కాదని సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది. మస్తిష్క పక్షవాతంతో ఉన్న 38 ఏళ్ల మహిళ తరఫున ఆమె తల్లి వేసిన కేసులో వెలువడిన తీర్పు అది. కాబట్టి 18 ఏళ్లు నిండిన రోజునే పోక్సో కింద తప్పనిసరిగా సమాచారం ఇవ్వాలన్న రక్షణ వారికి దూరమవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం వేధింపులపై కార్యనిర్వాహక మేజిస్ట్రేట్‌కు ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. ఆ వెసులుబాటు ఉందని క్లబ్బుల నిర్వాహకులకు తెలిస్తే కదా!

బ్రిటన్ నేర్చుకున్న పాఠం

ఒలింపిక్ ఈత కోచ్ ఒకరు అత్యాచార నేరాలపై 1995లో దోషిగా తేలడంతో బ్రిటన్ ఉలిక్కిపడింది. క్రీడల్లో శిశు రక్షణకు 2001లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. 2016లో మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఆండీ వుడ్‌వర్డ్ బాల్యంలో తాను అనుభవించిన హింసను బహిరంగంగా చెప్పాక, అలాంటి అనుభవాలున్న పురుషులు ఎందరో ముందుకొచ్చారు. బాధితులు ఆడపిల్లలేనన్న అపోహ అక్కడ పటాపంచలైంది. 1995 తర్వాత కూడా రక్షణ చర్యలు చేపట్టడంలో ఫుట్‌బాల్ సంఘం మితిమీరిన జాప్యం చేసిందని 2021లో వచ్చిన స్వతంత్ర సమీక్ష తప్పుబట్టింది.

నేడు అక్కడ పిల్లల జట్లున్న ఫుట్‌బాల్ క్లబ్బుకు ఒక సంక్షేమాధికారి ఉండాలి. జీతం తీసుకునే ఉద్యోగి కానక్కర్లేదు. తరచూ ఎవరో ఒక తల్లో, తండ్రో స్వచ్ఛందంగా శిక్షణ పొంది ఆ బాధ్యత తీసుకుంటారు. కోచ్ ఎవరో తెలిసినట్లే ఆ వ్యక్తి ఎవరో కూడా పిల్లలకు తెలుస్తుంది. ఈ ఏర్పాటు నేరాలన్నింటినీ ఆపేస్తుందని ఎవరూ అనరు. కానీ, ‘ఎవరికి చెప్పాలి’ అన్న ప్రశ్నకు జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది.

రాష్ట్రాల చేతిలో తాళంచెవి

మన దగ్గర చిన్న క్లబ్బులు పేదవి. పదవీ విరమణ చేసిన క్రీడాకారులు సొంత డబ్బుతో నడిపేవీ ఉన్నాయి. వాటిపై దస్త్రాల భారం మోపితే మూతపడతాయన్న ఆందోళన నిరాధారం కాదు. అయితే అవసరమైన కనీస చర్యలకు పెద్ద ఖర్చు ఉండదు. కోచ్‌కు బంధువు కాని ఒకరిని రక్షణ బాధ్యుడిగా నియమించడం, ఆ పేరును, 1098 బాలల సహాయవాణి నంబరును మైదానంలో రాసిపెట్టడం, పిల్లలతో ఏ పెద్దవారూ ఒంటరిగా గదిలో ఉండకుండా చూడటం, పిల్లలకు పంపే సందేశాలు తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టడం, బయటి ఊళ్ల పోటీలకు కనీసం ఇద్దరు పెద్దలు వెళ్లడం, జట్టు ఎంపికను ఒక్కరి ఇష్టానికి వదలకపోవడం వంటివి నేటి నుంచే మొదలుపెట్టవచ్చు. ఫిర్యాదు వస్తే విచారణ పూర్తయ్యేదాకా కోచ్‌ను పక్కన ఉంచే పద్ధతి ముందే రాసి ఉంటే అది నిర్దోషికి కూడా రక్షణే. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు అది ఒకరిపై నింద కాబోదు.

వీటిని పాటింపజేసే మీట కూడా ప్రభుత్వాల చేతిలోనే ఉంది. క్లబ్బుల్లో అధిక భాగం ఆడేది పురపాలక మైదానాల్లో, క్రీడా ప్రాధికార సంస్థల స్టేడియాల్లో, ప్రభుత్వ పాఠశాలల ఆవరణల్లో. అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని పునరుద్ధరించేటప్పుడు రక్షణ బాధ్యుడి పేరు, సిబ్బంది పోలీసు పరిశీలన పత్రాలు అడిగితే చాలు. కొత్త చట్టం అక్కర్లేదు. హకీంపేటలోని తెలంగాణ క్రీడా పాఠశాల వంటి సంస్థల్లో నాలుగో తరగతి నుంచే పిల్లలు వసతిగృహాల్లో ఉంటారు. అంత చిన్న వయసులో ఇల్లు విడిచి వచ్చే పిల్లలున్నచోట సంస్థతో సంబంధం లేని కౌన్సెలర్ క్రమం తప్పకుండా వారిని కలిసే ఏర్పాటు మొదటగా జరగాలి.

ప్రతి ఉదంతం తర్వాత మన ఊళ్లలో జరిగేది ఒకటే. తల్లిదండ్రులు తమ ఆడపిల్లలను ఆట మాన్పిస్తారు. తప్పు ఒకరిదైతే మైదానం మరొకరికి దూరమవుతుంది. వారి భయాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ భయానికి మూల్యం చెల్లిస్తున్నది ఏ తప్పూ చేయని పిల్లలు. దేశం 2036 ఒలింపిక్స్ ఆతిథ్యాన్ని ఆశిస్తున్న తరుణంలో స్టేడియాల సంఖ్యతోపాటు లెక్కించవలసింది మరొకటి ఉంది. బిడ్డను సాధనకు పంపి తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండగలిగే మైదానాలు మనకు ఎన్ని ఉన్నాయన్నదే ఆ లెక్క.