ఆఖరున నిలబడే మనిషి



మన కనగానపల్లి చుట్టుపక్కల పిల్లకాయలు ఫుట్‌బాల్ ఆడేది చూసే ఉంటారు. పరుగెత్తలేనివాణ్ణో, ఆలస్యంగా వచ్చినవాణ్ణో గోలులో నిలబెడతారు. వాళ్లకది శిక్ష. పెద్దలమైన మనమూ అంతే. ఇంటికొచ్చిన బిడ్డను "ఎన్ని గోల్స్ కొట్టినావు?" అంటాం గానీ "ఎన్ని ఆపినావు?" అని అడగం. ఇది సరికాదని మేము అంటాం.

పీటర్ తంగరాజ్ అని ఒకాయన ఉండేవాడు. 1935లో హైదరాబాదులో పుట్టాడు. సైన్యంలో చేరి మద్రాసు రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడాడు. మొదట ఆయన సెంటర్ ఫార్వర్డు, అంటే గోల్స్ కొట్టే చోట ఆడేవాడు. తరువాత గోల్‌కీపర్ అయ్యాడు. చప్పట్లు వచ్చే చోటు నుండి తిట్లు వచ్చే చోటుకన్నమాట! 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్లలో ఉన్నాడు. 1958లో ఆసియాలోనే ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. 2008లో బొకారోలో కన్నుమూశాడు. ఆయన పుట్టిన ఊరివాళ్లలోనే ఎంతమందికి ఆ పేరు తెలుసు?

అయితే మేము చెప్పాలనుకున్నది 1962 సంగతి. జకార్తాలో ఆసియా క్రీడలు. కోచ్ హైదరాబాదు వాడే, సయ్యద్ అబ్దుల్ రహీమ్. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు, మరుసటి ఏడే చనిపోయాడు. తంగరాజ్‌కు జ్వరం తగిలితే ప్రద్యుత్ బర్మన్ అనే ఇంకో గోల్‌కీపర్ నిలబడ్డాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచారు. ఫైనల్ దక్షిణ కొరియాతో. రహీమ్ ఆ రోజు బర్మన్‌ను పక్కన పెట్టి, జ్వరం నుండి లేచిన పొడుగాటి తంగరాజ్‌ను దించాడు. మనవాళ్లు 2–1తో బంగారు పతకం గెలిచారు. తల మీద కుట్లతో ఆడి గోలు కొట్టిన జర్నైల్ సింగ్‌ను అందరూ చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. కానీ గమనించండి, బర్మన్ ఆ ముందు మ్యాచ్‌లో నిలబడకపోతే ఫైనలే లేదు.

మాకు ఆయనే ఎక్కువగా గుర్తుకొస్తాడు. పని చేసి, ఫలం కోసే రోజున పక్కకు జరగడం ఎంత కష్టమో మన శనక్కాయ కూలీలకు ఒకరు చెప్పనక్కరలేదు. సంఘంలో పాట పాడేవారికి మైకు దొరుకుతుంది. చాపలు పరిచేవారి పేరు ఎవరూ ఎత్తరు. పిల్లలు ఇది మన దగ్గరే నేర్చుకుంటున్నారు, ఆటస్థలంలో కాదు.

కాబట్టి ఒక మనవి. ఈ వేసవి సెలవుల్లో పిల్లల ఆటలు పెట్టేటప్పుడు గోలు కొట్టినవాడికి మాత్రమే బహుమతి ఇచ్చే పద్ధతి మానేద్దాం. ఆపినవాడికీ ఇద్దాం, ఆడకుండా బయట కూర్చొని ఎదురుచూసినవాడికీ ఇద్దాం. గ్లవ్స్ రెండు జతలు కొనిచ్చేవారు ఎవరైనా ఉంటే ఆదివారం కూటం అయ్యాక కలవండి. ప్రస్తుతానికి మన గోల్‌కీపర్లు వట్టి చేతులతోనే ఆపుతున్నారు.