సంతకం నాయనది, సంచి అమ్మది

మా అమ్మ గర్భసంచి ఎప్పుడు పోయిందో మా అమ్మకు తెలియదు. పోయిన సంగతి తెలిసింది మాత్రం 1991లో, తార్నాకలో ఒక స్కానింగు సెంటర్లో. కడుపులో నొప్పి అంటే తీసుకుపోయాను. మిషను ముందు కూర్చున్నామె తెర మీంచి కళ్లు తీయకుండానే "ఈమెకు గర్భసంచి లేదు, అండాశయాలూ లేవు. ఎప్పుడు తీయించారు?" అనడిగింది. అమ్మ నా మొకం చూసింది. "ఏమంటుంది బిడ్డా?" అన్నది. నేనప్పుడు యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. ఇంట్లో మొదటి చదువు నాదే. ఆ చదువుతో మా అమ్మకు చేసిపెట్టిన మొదటి పని ఇదీ: నీ ఒంట్లో నీకు తెలియకుండా ఏం తీసేశారో చెప్పడం. చెప్పాను. మౌలాలి బస్సెక్కి, లాలాపేట దాటి, ఇంటికి చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

1988లో అమ్మకు ముప్పై నాలుగేండ్లు. తెల్లబట్ట, నడుమునొప్పి, నెలకు రెండుసార్లు ముట్టు. క్యాంపసులో ప్రొఫెసర్ల క్వార్టర్లలో బోళ్లు తోమేది. నాలుగిండ్లు చేస్తే గానీ గడవదు, నిలబడలేక రెండిండ్లు వొదులుకుంది. నాయన మౌలాలి గుట్ట దిక్కు రాళ్లు కొట్టేవాడు. ఇద్దరూ కలిసి ఒక పెద్దాస్పత్రికి పోయారు. ఆస్పత్రి పేరు రాయను. రాస్తే అది ఆ ఒక్క ఆస్పత్రి తప్పయిపోతుంది, మిగతావన్నీ చేతులు కడుక్కుంటాయి. "గడ్డ వుంది, తీయాలె" అన్నారు. నాయన చేతికి కాయితమిచ్చారు. ఆయన వేలిముద్ర వేశాడు. అమ్మ అప్పటికే బల్ల మీద వుంది. ఆమెను అడిగిన మాట ఒక్కటే: "పొద్దున ఏమన్నా తిన్నవా?"

ఇంటికొచ్చాక ముట్టు రాలేదు. గడ్డ తీశారు కదా, బలహీనంతో ఆగిందనుకుంది. నెలలు గడిచినకొద్దీ ఒళ్లంతా సెగలు, నిద్రలేదు, గుండె దడ. ఎముకలు కొరుకుతున్నట్టుండేది. ఎవరో చేతబడి అన్నారు. మైసమ్మకు కోడిని మొక్కుకుంది. బలం గోలీలని, సూదులని మూడేండ్లు సంపాదించిందంతా పోసింది. ముట్టు మళ్లీ వస్తుందని మూడేండ్లూ గుడ్డలు దాచిపెట్టుకుంది. అండాశయాలు తీస్తే నడీడులోనే ఇట్లా అవుతుందని, భయపడొద్దని, సున్నం ఎక్కువున్న తిండి తినమని ఒక్కరు ఒక్క ముక్క చెప్పివుంటే ఆ కోడి బతికేది. నవ్వొచ్చినా సరే, నేను ముందు ఆ కోడి లెక్కే అడుగుతాను. చెప్పకపోవడానికి కూడా ఖర్చుంటుంది. ఆ ఖర్చు మేం పెట్టుకుంటాం.

ఆ ఏడాదే స్త్రీశక్తి సంఘటన వాళ్ల 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చింది. హాస్టల్లో చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. బొమ్మలు చూపించి అమ్మకు చదివి వినిపించాను. "నాకేం జేసిండ్రో బొమ్మలేసి జెప్పెటందుకు గింత మంది వున్నరా? మరి ఆనాడు ఒక్కతన్న లేకపాయె" అన్నది.

కాయితాల కోసం అదే ఆస్పత్రికి పోయాను. రికార్డు గదిలో గుమాస్తా, పాతవన్నీ చెదలు తిన్నాయన్నాడు. రోగి అడిగితే 72 గంటల్లో కాయితాలివ్వాలని వైద్యమండలి నియమాలు 2002లో వచ్చాయి. అయితే దాచాల్సింది మూడేండ్లే. ఆ నియమాల్లోనే ఇంకో వాక్యం వుంది. ఆపరేషనుకు ముందు రాతపూర్వక అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పే వాక్యం. అందులో వరస చూడండి: భర్త లేదా భార్య, మైనరైతే తల్లిదండ్రి లేదా సంరక్షకుడు, చివరాఖరుకు రోగి. కోతపడేది ఎవరికో వాళ్లు పంక్తిలో చివర. మాకు పంక్తిలో చివర కూర్చోవడం కొత్త కాదు.

మా అమ్మమ్మ మంత్రసాని. బీబీనగర్ దిక్కు ఊరు. రెడ్లిండ్లలో, కోమటిండ్లలో కాన్పులు చేసేది. పెరటి దారిన లోపలికి పోయేది. బొడ్డు కోసి, మాయ పూడ్చి, రక్తం గుడ్డలు ఉతికినాక ఆ చేతికే మంచినీళ్లు పైనుంచి పోసేవాళ్లు. ఆమె బయటికి రాగానే ఆ జాగా అలికేవాళ్లు. ఆమె చేతిలో తల్లులు చనిపోలేదని అబద్ధం చెప్పను. చనిపోయారు. ఆమెకు రక్తం ఆపడం ఒక హద్దు వరకే తెలుసు. కానీ ఆమె పని చేస్తుంటే పక్కన దీపం పట్టుకుని నిలబడ్డ మా అమ్మ చెప్పేది: చెయ్యి వేసే ముందు మాట వేసేదట. "చెయ్యి పెడుతున్న బిడ్డా, ఊపిరి ఇడువు. నొస్తే జెప్పు. ఇగో, తల దొరికింది." దొరసానికైనా అదే మాట, పాలేరు పెండ్లానికైనా అదే మాట. అంటరానిది గనక అడక్కుండా ముట్టుకునే హక్కు ఆమెకు లేదు. ముట్టుకోబోయే ముందు చెప్పడం ఆమెకు బతుకు నేర్పింది. మీ వైద్య కళాశాలలో ఇది ఎవరు నేర్పుతారు?

ఊళ్లో మమ్మల్ని ముట్టని చెయ్యి ఆస్పత్రిలో అడక్కుండా లోపలిదాకా వస్తుంది. నాకు 1993లో తెలిసింది. ఎం.ఫిల్. చేస్తూ హాస్టల్లో వుంటున్నాను. ముట్టు ఆగకుండా ఇరవై రోజులు. ఆ ఆస్పత్రి పేరు కూడా రాయను. చీటీ రాసేటప్పుడు "ఏం చదువుతున్నారు?" అన్నారు. చెప్పాను. "సొంతూరు?" మౌలాలి. "నాన్నగారేం చేస్తారు?" రాళ్లు కొడతాడు. ఆ తర్వాత ప్రశ్న "నీకు పెండ్లయిందా?" అని వచ్చింది. 'మీరు' ఎక్కడ రాలిపోయిందో గమనించారా? కులం ఎవరూ అడగలేదు. అడిగే అవసరం వాళ్లకు ఎప్పుడొచ్చింది?

కాలేదన్నాను. పెండ్లి కాని పిల్లలకు లోపలి పరీక్ష చేయకుండా పైనుంచే చూసి స్కానింగుకు పంపడం ఈ దేశంలో డాక్టర్ల రివాజు. ఆ రివాజులో ఏ విలువలున్నాయో నాకు తెలుసు, దాన్ని నేనేం మెచ్చుకోను. కానీ ఆ మర్యాద కూడా నా దాకా రాలేదు. నా మాట నమ్మలేదు. తెర సగమే వేసి వుంది. ఆరుగురు విద్యార్థులు నా కాళ్ల దగ్గర నిలబడ్డారు. డాక్టరమ్మ నాతో కాదు, వాళ్లతో మాట్లాడుతోంది. ఇంగ్లీషులో. నాకు ఇంగ్లీషు వస్తుందని ఆమెకు తట్టలేదు. చల్లటి ఇనుము తగిలేదాకా ఏం జరగబోతోందో నాకు తెలీదు. "వద్దు మేడమ్" అన్నాను. "కాళ్లు బిగించకు" అని జవాబొచ్చింది. ఆయమ్మ నా మోకాలు పట్టుకుని విడదీసింది. ఆ ఆయమ్మ మా వాడ మనిషే. నా చెవిలో "ఒర్సుకో బిడ్డా, అయిపోయె" అన్నది. ఆ గదిలో నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే. నన్ను బలవంతాన పట్టుకున్నదీ ఆమే. మా చేతులతోనే మమ్మల్ని పట్టించడం ఈ వ్యవస్థకు వెన్నతో పెట్టిన విద్య.

మీరు చెప్పే జవాబులు నాకు కంఠతా వచ్చు. "రోజుకు వందమంది ఓపీ, ఒక్కొక్కరికి వివరించే టైమెక్కడిది?" లోపల చెయ్యి పెట్టి చూస్తా, నొస్తే చెప్పు, ఆపుతా. ఈ మాటకు ఎంతసేపు పడుతుంది? "కాళ్లు తియ్యి, తియ్యి, తియ్యమంటే" అని మూడుసార్లు అరవడానికి పట్టేంత. "చదువు లేనోళ్లకు అర్థం కాదు" అంటారు. మా అమ్మ నాలుగిండ్ల జీతం, నాగాల కోత, షావుకారు వడ్డీ నోటితో లెక్కకట్టేది. గర్భసంచి, అండాశయం అనే రెండు వస్తువులు ఆమె బుర్రలో పట్టవా? "చెప్తే భయపడి పారిపోతారు." పారిపోనీయండి. పారిపోగలిగితేనే అది అనుమతి. కాదన్నా వైద్యం దొరుకుతుందన్న ధైర్యం లేని మనిషి వేసిన వేలిముద్ర అనుమతి కాదు, లొంగుబాటు.

చట్టం తెలియక కాదు. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టంలో వయసొచ్చిన స్త్రీకి ఆమె అనుమతి ఒక్కటే చాలు, మొగుడి సంతకం అడగలేదు. కుటుంబనియంత్రణ ఆపరేషనుకూ అక్కర్లేదని సర్కారు నిబంధనలే చెప్తాయి. అయినా కౌంటర్లో "మీ ఆయనేడి?" అనే మాట పోలేదు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తేల్చిచెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మనిషికి, మత్తులో వుండగానే, తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీయడం చెల్లదంది. తెలివిలోకి వచ్చాక ఆమెనే అడగాల్సిందంది. ఆపరేషను ఫీజు రద్దుచేసి 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. ఆమె ఢిల్లీలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు పోయిన మనిషి. కోర్టుదాకా నిలబడింది, ఆమెకు నా దండం. కానీ అదే పని జరిగిన మా అమ్మకు జరిగిందని తెలియడానికే మూడేండ్లు పట్టింది. తెలియనిదాని మీద కేసెట్లా వేస్తారు?

ఇది నా ఇంటి గోడు మాత్రమే అనుకునేవాళ్లు పటాన్‌చెరు చూడండి. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని ఐసీఎంఆర్ పరీక్షించబోయింది. వచ్చిన పేద ఆడవాళ్లకు ఇది ప్రయోగం అన్న సంగతే సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు పోయి అడ్డుకున్నారు, సహేలి వంటి సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు పోయారు. మంచి పని. వాళ్లంటే నాకు గౌరవం. అయితే "మన శరీరం మనది" అని క్యాంపసు సభల్లో వాళ్లన్నప్పుడల్లా నాకొక మాట గొంతులో అడ్డం పడేది: అక్కా, మీ శరీరం మొగుడి నుంచి విడిపించుకోవాలె, మాది దొర నుంచి, సర్కారు నుంచి, డాక్టరు నుంచి, ఆ తర్వాత మొగుడి నుంచి.

2009లో ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదికీ పద్నాలుగుకీ మధ్య వయసున్న పద్నాలుగు వేలమంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకాలు వేశారు. ఎక్కువమంది ఆదివాసీ, దళిత పిల్లలు, హాస్టలు పిల్లలు. టీకా మంచిదా చెడ్డదా అన్న పేచీ నాకు లేదు. ఆ క్యాన్సర్ మా వాడల్లోనే ఎక్కువ చూశాను, టీకా రావాల్సిందే. నా పేచీ ఎవరి సంతకం అని. విచారణలో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 2,763 మీద హాస్టలు వార్డెన్లే సంతకం పెట్టారు, 1,948 మీద వేలిముద్రలు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం తప్పుపట్టింది. నేనూ సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగినదాన్నే. వార్డెను మా అన్నానికి సంతకం పెట్టాడు, సబ్బుబిళ్లకు సంతకం పెట్టాడు. గర్భాశయానికి కూడా ఆయన సంతకమేనా?

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్క క్యాంపులో 34 మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. మౌలాలి నుంచి అదేమంత దూరం కాదు. వరసలో పడుకోబెట్టిన 34 మందిలో ఎవరిని ఎంతసేపు కూర్చోబెట్టి మాట్లాడివుంటారో మీరే లెక్కేసుకోండి.

2024లో అమ్మకు లోపల ఏదో జారుతున్నట్టుందంటే మళ్లీ తార్నాకకే తీసుకుపోయాను. ఇప్పుడు నేను లెక్చరర్ని, కారులో పోతాం, మాకు కుర్చీ వేస్తారు. అదంతా పక్కన పెట్టండి. డాక్టరు చిన్నపిల్ల. చేతికి తొడుగు వేసుకుని, అమ్మ తల దగ్గరికొచ్చి నిలబడి, "అమ్మా, లోపల చెయ్యి పెట్టి చూడాలె. నొస్తే చెప్పు, ఆపేస్తా. చూడనా?" అన్నది.

"వద్దు" అన్నది అమ్మ.

ఆ పిల్ల తొడుగు తీసేసి, స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే అమ్మా."

అమ్మ నా దిక్కు తిరిగింది. "ఆగిందే!" అన్నది. కాసేపు కప్పు దిక్కు చూస్తూ పడుకుంది. తర్వాత ఆ పిల్లను అడిగింది: "ముప్పయ్యారేండ్ల కింద నా సంచి ఎందుకు దీసిండ్రో నువ్వేమన్న చెప్తవా బిడ్డా?"

"కాయితాలున్నయా అమ్మా?"

లేవని నేను చెప్పాను.