రేపు రాద్దాంలే...

రాయచోటిలో ఆదివారం, బయట మండే ఎండ. రాద్దామని లాప్‌టాప్ తెరిచి, బద్ధకమేసి మూసేసి, అమ్మతో టీవీ కబుర్లలో పడ్డా.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చేదాకా వీళ్ళకు దూరదర్శనే దిక్కు. శుక్రవారం చిత్రలహరి మొదలయ్యేలోపు వంట, గిన్నెలు అన్నీ అయిపోవాల్సిందేనట. తప్పితే మళ్ళీ వారం ఆగాలి మరి! ఇప్పుడు మనకు ఓటీటీలో ఏదైనా, ఎప్పుడైనా దొరుకుతుంది. అందుకే ఏదీ ఇప్పుడే చూడం. నా రాత కూడా అంతే అయింది. ఆఫీసులో డెడ్‌లైన్ ఉంటే అర్ధరాత్రైనా కోడ్ పూర్తి చేస్తాం, సొంత పనికి మాత్రం రేపు! తీరిక లేక కాదండీ, టైము పెట్టుకోక.

అవ్వ చెప్పే కరువు కథలు రాద్దామనుకుని రెండేళ్ళయింది. ఈలోపు ఆమె సగం మర్చిపోయింది.

"నువ్వూ శుక్రవారం రాయి నాయనా" అంది అమ్మ.

ఈ రోజు ఆదివారమే. శుక్రవారానికి అవ్వకు ఎన్ని గుర్తుంటాయో? లాప్‌టాప్ మళ్ళీ తెరిచా.