అరచేతి కంప్యూటరుకు ఎటువంటి కార్డు?

"మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు కొని, మా మామగారి నాటి ఫోటోలూ, మా అత్తగారు పాడిన మంగళహారతులూ అన్నీ అందులోకి ఎక్కిస్తున్నాడు. అది నత్తనడక నడుస్తున్నది. ఖరీదైన కార్డు వేస్తే గాని లాభం లేదంటాడు వాడు. కార్డుల మీద డబ్బు తగలెయ్యడం దేనికంటారు వాళ్ల నాన్నగారు. ఎవరి మాట న్యాయం?" అని ఒక సోదరి వ్రాశారు.

తండ్రీకొడుకుల తగవులో మూడోమనిషి దూరకూడదంటారు. కాని ఇక్కడ చెరి సగం ఒప్పు గనుక ధైర్యంగానే దూరుతున్నాను.

ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చెయ్యండి. తెర మూల పసుపుపచ్చని మెరుపు గుర్తు కనబడుతున్నదేమో చూడండి. కనబడితే, దానికి కరెంటు చాలడం లేదన్నమాట. పాత సెల్‌ఫోను ఛార్జరు తగిలించి నడిపే ఇళ్లలో ఇది మామూలే. కరెంటు చాలకపోతే ఆ యంత్రం తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు బంగారు కార్డు పెట్టినా ఒరిగేదేమీ లేదు.

గుర్తు లేదనుకోండి, అప్పుడు కార్డును అనుమానించవచ్చు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టి 2012లో బజారుకు వచ్చిన ఈ చిన్న యంత్రానికి మన పెద్ద కంప్యూటర్లకున్నట్లు లోపల డిస్కు లేదు. పిల్లవాడి గోరంత మైక్రో ఎస్.డి. కార్డే దానికి బీరువా, అదే పుస్తకం, అదే చిత్తుకాగితం. లోపలి జ్ఞాపకం చాలనప్పుడు కూడా ఆ కార్డు మీదే గీసుకుంటుంది. ఒక గిగాబైటు జ్ఞాపకం మాత్రమే వున్న మూడో నమూనాలో నాలుగు వెబ్ పేజీలు ఒక్కసారి తెరిస్తే జరిగేది ఇదే.

ఇక కార్డు అట్ట మీద పెద్ద అక్షరాలతో "సెకనుకు 100 మెగాబైట్లు" అని వుంటుంది. అబద్ధం కాకపోవచ్చు. కాని అది కెమేరాకు పనికివచ్చే లెక్క. కెమేరా ఒక్క ఫోటోను ఏకబిగిన వ్రాస్తుంది. కంప్యూటరు అట్లా కాదు. ఇక్కడ చిటికెడు, అక్కడ చిటికెడు, వేల చోట్ల వెతుకుతుంది. కిరాణా కొట్టులో బియ్యం బస్తా దింపడం ఒక పని. పదిమంది చేరి పది రూపాయల జీలకర్ర, అయిదు రూపాయల ఆవాలు అంటూ వుంటే అందరికీ పొట్లాలు కట్టి ఇవ్వడం వేరే పని. బస్తాలు మొయ్యగలవాడు పొట్లాలు కట్టడంలోనూ చురుకుగా వుంటాడని ఎక్కడా లేదు.

అందుకని అట్ట మీద వెతకవలసినది చిన్న అక్షరాల్లో వుండే ఎ1, ఎ2 అనే గుర్తు. ఎ1 కార్డు సెకనుకు కనీసం 1500 చిన్న ముక్కలు చదవాలి, 500 వ్రాయాలి. ఎ2 అయితే 4000 చదవాలి, 2000 వ్రాయాలి. 10వ తరగతి, యు3, వి30 అన్నవన్నీ బస్తాల లెక్కలే. మరి ఎ2 కొనేద్దామా? ఇక్కడే మెలిక వున్నది. ఎ2 తన పూర్తి సత్తా చూపాలంటే, పనులను వరసగా అప్పగించే తెలివి కంప్యూటరుకూ వుండాలి. పాత నమూనాలకు అది లేదు. వాటికి మంచి ఎ1 చాలు. అయిదో నమూనాకు ఆ తెలివి అబ్బింది. రాస్‌ప్‌బెర్రీ పై వారు 2024 అక్టోబరులో తమ పేరుతోనే ఎ2 కార్డులు విడుదల చేశారు.

సోదరి తమది ఏ నమూనాయో వ్రాయలేదు. అసలు కీలకం అక్కడ వున్నది. కార్డు దూర్చే గాడి మూడో నమూనాలో సెకనుకు 25 మెగాబైట్లకు మించి మొయ్యలేదు. 2019లో వచ్చిన నాలుగోది 50 మోస్తుంది. 2023లో వచ్చిన అయిదోది సుమారు 100. సన్నని కుళాయికి పెద్ద ట్యాంకు కట్టినంతమాత్రాన బిందె తొందరగా నిండదు. మూడో నమూనా అయితే తండ్రిగారే గెలిచారు.

నాలుగోది అయితే కుర్రవాడికి ఖరీదైన కార్డు కంటే మేలైన దారి వున్నది. నీలంరంగు యు.ఎస్.బి. రంధ్రానికి ఒక చిన్న ఎస్.ఎస్.డి. తగిలిస్తే కార్డు కంటే ఎన్నో రెట్లు వేగం వస్తుంది. అయిదోదానికి ఎన్.వి.ఎం.ఇ. డిస్కునే పలకతో సహా బిగించవచ్చు. అక్కడా గాడి ఇరుకే. సెకనుకు 500 మెగాబైట్ల లోపే గనుక, 5000 అని చాటింపు వేసే డిస్కు కొనడం శుద్ధ దండగ. మరొక మాట: నాలుగో నమూనా నాలుగు యు.ఎస్.బి. రంధ్రాలకూ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తుంది. గిర్రున తిరిగే పాత డిస్కులు అంతకంటే ఎక్కువ తాగవచ్చు.

ఇంతవరకూ వేగం. నాకు బెంగ కలిగించినది సోదరి మాటల్లో ఇంకొకటి: ఆ మంగళహారతులు. ఈ కార్డుల్లో వుండేది ఫ్లాష్ జ్ఞాపకం. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో లోకానికి చెప్పినది. అందులో ఒక్క అక్షరం మార్చాలన్నా గడి గడంతా తుడవాలి. పలకలాగా తుడిచి తుడిచి అరిగిపోతుంది. వ్రాస్తూ వుండగా కరెంటు పోతే వ్రాస్తున్నదే కాదు, పక్కదీ చెడవచ్చు. మన వూళ్ల కరెంటు సంగతి వేరే చెప్పాలా? సి.సి. కెమేరాల కోసమని అమ్మే "ఎక్కువ మన్నిక" కార్డులు నెమ్మదిగా అరుగుతాయి. వాటి వల్ల వేగం పెరగదు. ఎ1 గాని, ఎ2 గాని, ఎస్.ఎస్.డి. గాని ఏదో ఒక రోజు చెప్పకుండా పోతుంది. కార్డు మళ్లీ కొనవచ్చు, అత్తగారి గొంతు కొనలేము. కనుక కుర్రవాడు ఇంకొక్క పాట ఎక్కించకముందే ఇప్పటిదాకా వున్నవన్నీ మరి రెండు చోట్ల నకళ్లు తియ్యాలి. అందులో ఒకటి వేరే ఇంట్లో వుండాలి. ఖర్చంటూ పెడితే మొదట దీనికి పెట్టమంటాను.

కొన్న కార్డు అసలుదో నకిలీదో చూసుకోవడం మరవకండి. 512 గిగాబైట్లని అచ్చువేసి లోపల 16 మాత్రమే పెట్టిన కార్డులు వున్నాయి. అది నిండిన తరువాత ఎక్కించినవి ఎక్కినట్లే కనబడతాయి, తీయబోతే వుండవు. ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాము కార్డును నిండా వ్రాసి, మళ్లీ చదివి, నిజం చెబుతుంది. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. తేడా వస్తే తిరిగి ఇవ్వడానికి రసీదు దాచుకోండి.

మరొక పాఠకుడు, "ఇంట్లో పెన్‌డ్రైవు వున్నది, కార్డుకు బదులు అది పెట్టవచ్చునా?" అని అడిగారు. మూడో నమూనా మొదలు పెట్టవచ్చు. కాని చవక పెన్‌డ్రైవులు పొట్లాలు కట్టడంలో కార్డుల కంటే మొద్దులు, పైగా వేడెక్కుతాయి. దానిని నకలు తీసుకోవడానికి వుంచుకోండి.