పడితే ఏమైతది?

ఊరందరి సైకిళ్ళకు గాలి కొట్టిన ఇల్లు మాది. కేతేపల్లిల హైదరాబాద్-విజయవాడ రోడ్డు పక్కన అబ్బాకు పంచర్ దుకాణం, నాలుగు కిరాయి సైకిళ్ళు ఉండేవి. ఊళ్ళె మగపిలగాళ్ళంతా వాటి మీదనే నేర్చుకున్నరు. కైంచీ తొక్కిన్రు, కాలువల పడ్డరు, మోకాళ్ళు చెక్కుకపొయినయ్. వంకరపోయిన హ్యాండిలు అబ్బా సక్కగ చేసేటోడు. నేను ట్యూబును నీళ్ళల్ల ముంచి బుడగలు ఎక్కడొస్తున్నయో చూపెట్టేదాన్ని. చూపెట్టుడే నా పని. ఎక్కుడు కాదు.

"గిర్ జాయింగీ బేటా" అనేది అమ్మీ. మోకాలు పగులుతదని కాదు ఆమె భయం. నేను పడంగ నలుగురు చూస్తరని. మగపిలగాడు పడితే దెబ్బ తగులుతది. ఆడపిల్ల పడితే ఇజ్జత్ పోతది. రేపు సంబంధం వచ్చినోళ్ళు ఏమంటరు?

ఇది దీన్ అని చెప్పే మా పెద్దలను ఒక్కటే అడుగుతున్న. 656ల జంగె జమల్ అనే పేరే ఒంటె మీదంగ వచ్చింది. ఆ ఒంటె మీద ఉన్నది ఎవరు? హజ్రత్ ఆయెషా. ఆమె పేరు బిడ్డలకు పెట్టుకుంటరు, ఆ బిడ్డ సైకిల్ ముట్టుకుంటే మాత్రం హయా గుర్తొస్తది!

బయటి పెద్దమనుషులారా, మీరు నవ్వకున్రి. మమ్మల్ని పంచర్‌వాలాలని ఎక్కిరిస్తరు, మా ఆడోళ్ళను చూసి జాలి పడ్తరు. నేను ట్యూబులు తుడిచిన రోజుల్ల మా ఊళ్ళె ఏ దొర బిడ్డ సైకిలెక్కింది? ఏ షావుకారి కోడలు ఎక్కింది? మీ ఇంట్ల అయితే అది సంప్రదాయం, మా ఇంట్ల అయితే మతమౌఢ్యమా?

కాబూల్ సంగతి చూడున్రి. 2007ల అక్కడ స్కేటిస్తాన్ మొదలైంది. ఆడపిల్ల సైకిల్ తొక్కితే తప్పువట్టే ఊరది. స్కేట్‌బోర్డు మాత్రం కొత్త వస్తువు. నాలుగు చక్రాల చెక్క. అది మగోళ్ళదని ఇంకా ఎవ్వరు తీర్మానం చెయ్యలేదు. ఆ సందుల నుంచే పిల్లలు దూరిన్రు. తలకు హెల్మెట్, మోకాళ్ళకు కాపు. చెయ్యి బిగదీసి నేలకు ఆనిస్తే మణికట్టు పోతది. మోకాళ్ళు వంచాలె, ఒళ్ళు వదులు చేసి దొర్లాలె. పడుడు కూడ అక్కడ పాఠమే. మా ఇండ్లల్ల ఆ పాఠం ఎవ్వరు చెప్పలేదు, పడొద్దనే చెప్పిన్రు. ఆ పిల్లల మీద తీసిన చిన్న సినిమాకు 2020ల ఆస్కార్ వచ్చింది. అందరు చప్పట్లు కొట్టిన్రు. 2021 ఆగస్టుల తాలిబన్లు వచ్చినంక ఆ బడులు మూతబడ్డయ్. ఇప్పుడు చప్పట్లు లేవు, "చూసిన్రా వాళ్ళ మతం" అనే మాట మిగిలింది. స్కేటెక్కిన పిల్లలది కూడ ఆ మతమే గద!

అంత దూరం ఎందుకు? 1990ల మొదట్ల తమిళనాడు పుదుక్కోట్టైల అక్షరాస్యత ఉద్యమం పలకతోపాటు సైకిల్ కూడ నేర్పింది. వేల మంది ఆడోళ్ళు నేర్చుకున్నరు. అందుల ముస్లింలున్నరు. కలెక్టర్ షీలారాణి చుంకత్ దాన్ని సర్కారు పని చేసింది. మన జిల్లాల ఏ ఆఫీసర్‌కు తోచింది?

నలభై దాటినంక, మూసీ కాలువ కట్ట మీద నా బిడ్డ సైకిల్ పట్టుకున్న. మూడుసార్లు పడ్డ. బుర్ఖా కొస చైన్ల పడి చినిగింది. అమ్మీ తిడుతనే కుట్టింది. తెల్లారి నేను దుకాణం మూల నుంచి సైకిల్ తీస్తుంటే వెనుకనే వచ్చి, బుర్ఖా కొస పైకి మడిచి రెండు పిన్నీసులు పెట్టింది. సీటు వెనుక పట్టుకుంది.