కనుమ రాత్రి బండలాగుడు

"కనుమ నాడు కాకైనా కదలదు" అంటారు మా అత్తయ్య గారు. ఆ మాట మావారికి మాత్రం వర్తించదు. పెళ్ళయిన ఈ ఇరవై రెండేళ్ళలో ఏ కనుమకీ ఆయన ఇంటి పట్టున లేరు. గారెలు తినగానే స్నేహితులతో కారెక్కి బండలాగుడు పందేలకి పోవడం, మర్నాడు ఒంటినిండా దుమ్ముతో దిగడం. ఆ బట్టలు ఉతికేది నేను.

ఈసారి నేనూ వస్తానన్నాను. "అక్కడ ఆడవాళ్ళుండరే!" అన్నారు. "నేనొస్తే ఉంటారుగా!" అన్నాను.

మధ్యాహ్నం బండారులంకలో బయల్దేరాం. రాజోలు దాటి, చించినాడ వంతెన మీద గోదారి దాటి, పాలకొల్లు, భీమవరం, ఆకివీడు, కైకలూరు. కొబ్బరిచెట్లు వెనకబడి చేపల చెరువులు మొదలయ్యాయి. దారంతా మావారు ఏ గిత్త ఎవరిదో, ఏ జత పోయినేడు ఎన్ని అడుగులు లాగిందో చెప్తూనే ఉన్నారు. నా పుట్టినరోజు మర్చిపోయే మనిషికి ఎడ్ల పళ్ళ లెక్క కూడా గుర్తే! రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి దేని పందెం దానిదేనట.

గుడివాడ దారిలో ఒక ఊళ్ళో ఆగాం. పొలంలో మట్టి చదును చేసి బరి కట్టారు. పైన ఫ్లడ్‌లైట్లు, మైకు హోరు. తెల్లటి ఒంగోలు జత కాడి కింద మెడ వంచి బండని కదిపేసరికి మట్టి లేచింది, జనం లేచారు, నేనూ లేచాను. అబద్ధం ఎందుకు, ఈలొక్కటే వేయలేదు. బ్రెజిల్ వాళ్ళు నెలోర్ అని పెంచుకుంటున్న పశువుల మూలం ఈ జాతే అంటే గర్వంగానే అనిపించింది.

తర్వాతి జతలో ఒక గిత్త మోకాళ్ళ మీద కూలబడింది. ఇద్దరు చెరోవైపు నుంచి ముల్లుకర్రతో పొడిచారు. అది లేచింది. చప్పట్లు కొట్టారు. లైటు వెలుగులో దాని కొమ్ముల పసుపు, నుదుటి కుంకుమ కనిపించాయి. పొద్దున్నే ఏ ఇంట్లోనో ఏ ఇల్లాలో పెట్టిన బొట్టు. కనుమంటే పశువుల పండగే కదండీ!

మా నాన్నగారికీ ఒక జత ఉండేది. చర్నాకోల గాల్లో ఝళిపించేవారు తప్ప ఒంటికి తగలనిచ్చేవారు కాదు.

తిరుగు దారిలో ఇదే అన్నాను. "పందేలు లేకపోతే ఈ ట్రాక్టర్ల రోజుల్లో గిత్తల్ని ఎవరు మేపుతారు? కబేళాకే" అన్నారు మావారు. అదీ నిజమే. అందుకే పందేలు ఆపమని నేననను. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునీ, ఎడ్లబండి పందేలనీ ఆపింది. 2023లో అదే కోర్టు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల చట్టాలని ఒప్పుకుంది. ఆ వాదన పెద్దవాళ్ళది. నాది చిన్న మాట. బరిలోకి ముల్లుకర్ర రానివ్వకండి. పశువుని హింసిస్తే మొదటి తప్పుకి 1960 నాటి చట్టంలో జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ యాభైకి భయపడేవాళ్ళు ఎవరు? కట్టడి చేయాల్సింది పందెం పెట్టేవాళ్ళే. పొడిస్తే ఆ జత పోటీలో లేదని మైకులో చెప్పేస్తే చాలు.

పొడవకపోతే దూరం తగ్గుతుందంటారు. తగ్గనివ్వండి. అందరికీ తగ్గుతుంది. అప్పుడు ఏడాది పొడుగునా ఉలవలు పెట్టి, ప్రేమగా సాకినవాడే గెలుస్తాడు. అసలు పందెం అదేగా!

మావారు పాలకొల్లు దాకా మాట్లాడలేదు. టీ తాగాక, "వచ్చే ఏడు నువ్వే చెప్పు ఆ కమిటీ వాళ్ళకి" అన్నారు. వెటకారమో, నిజమో తెలీదు. నేను మాత్రం వెళ్తాను. మీ ఇళ్ళల్లో కూడా మగవాళ్ళు పందేలకి పోతుంటే వెంట వెళ్ళండి. పొద్దున్న మనం బొట్టు పెట్టిన పశువుకి రాత్రి ఏం జరుగుతోందో మనం చూడొద్దూ?